శిరీష కనుబొమ్మలు

పెద్ద కంపెనీలు కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పడానికి వీడియోలు తీయిస్తాయి. గోదాములో పెట్టెలు ఎలా ఎత్తాలి, మంటలు లేస్తే ఎటు పరుగెత్తాలి, అలాంటివి. ఆ వీడియోల్లో కింద కుడిపక్క చిన్న గడిలో ఒక మనిషి చేతులతో సైగలు చేస్తూ కనిపిస్తుంది, వినపడనివాళ్ళ కోసం. గచ్చిబౌలిలో ఒక వీడియోల కంపెనీలో ఆ చిన్న గడిలో నిలబడే పని శిరీషది. ఆమెకు ఇరవై ఏడేళ్ళు.

సైగల భాషలో ఆమెకు సర్టిఫికెట్ ఉంది గానీ, భాష నేర్పింది మాత్రం వాళ్ళమ్మే. తాడిపత్రిలో పుట్టిన సరోజమ్మకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. శిరీష నోరు తిరగకముందే చేతులతో పాలు అడిగిందని నాన్న లక్ష్మీనారాయణ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆమె ఇంటర్ చదువుతుండగా ఆయన గుండెపోటుతో పోయాడు. ఉద్యోగం దొరికాక శిరీష అమ్మను తీసుకొచ్చేసింది. ఇద్దరూ మియాపూర్ బస్ డిపో వెనక రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటారు.

సైగల భాష అంటే చేతులే అనుకుంటారు చాలామంది. సగం పని ముఖానిది. 'నువ్వు తిన్నావు' అన్నా, 'నువ్వు తిన్నావా' అన్నా చేతులు చేసేది ఒకటే. కనుబొమ్మలు పైకి లేస్తే అడిగినట్టు, లేవకపోతే చెప్పినట్టు. నొసలు ముడిపడితే ఏదో అనుమానం, లేకపోతే కష్టం. పుట్టినప్పటి నుంచీ అమ్మతో అలాగే మాట్లాడిన శిరీషకు ఇరవై ఐదు దాటేసరికే నుదుటి మీద మూడు అడ్డగీతలు, కనుబొమ్మల మధ్య రెండు నిలువు గీతలు పడ్డాయి. వాటి గురించి ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. గడి చిన్నది, ముఖం అగ్గిపెట్టెంత కనిపించేది.

ఆ సంవత్సరం వేసవిలో గోదాముల క్లయింట్ ఒకరు, సైగలు చేసే మనిషిని తెర మీద సగం దాకా పెద్దగా చూపించమన్నారు. వినపడనివాళ్ళకు అదే మంచిదని శిరీష రెండేళ్ళుగా అడుగుతూనే ఉంది. సంతోషంగా నాలుగు వీడియోలు చేసింది. ఐదో దానికి ముందు మేనేజర్ రాకేష్ ఆమెను గదిలోకి పిలిచాడు.

"జర కూసో శిరీష."

"ఏమన్నా తప్పొచ్చిందా సార్?"

"తప్పు గిట్ల ఏం లేదు. నీ పని మంచిగుంది." అతను పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "క్లయింట్ కాడ చూసినోళ్ళు ఏమంటున్రంటే, నువ్వు కోపంగ ఉన్నట్టు అనిపిస్తుందట. అలిసిపోయినట్టు గూడ ఉందంటున్రు. నుదురు మీద గీతలు మస్తు కనిపిస్తున్నయట."

"అది కోపం కాదు సార్, అడగడం. మొగం కదిలించకపోతే వాళ్ళకి అర్థం కాదు."

"నాకు తెలుసు. నేనంటలేను, వాళ్ళంటున్రు. రెండు నెలల్ల కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. మేకప్‌తోని ఏమన్న అయితదేమో చూడు."

మేకప్‌తో ఏమీ కాలేదు. పౌడర్ గీతల్లోకి దిగి ఇంకా బాగా కనిపించింది. పెద్ద మానిటర్ మీద తన ముఖాన్ని మొదటిసారి తీరిగ్గా చూసుకుంది శిరీష. నిజమే, వినపడేవాళ్ళ కళ్ళతో చూస్తే ఎవరినో కసురుతున్నట్టే ఉంది.

వీడియోల్లో నోటితో పాఠం చెప్పే అమ్మాయి పింకీ. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగింది, శిరీష కన్నా ఏడాది చిన్న. విషయం విని, క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చుంది.

"గింత దానికి పరేషాన్ ఎందుకు? నేను రెండేండ్ల సంది బొటాక్స్ ఇంజెక్షన్లు చేయించుకుంటలేనా?"

"నీకేంటికి? నీకు గీతలే లేవు కదా."

"అవి రావద్దనే కదా! వచ్చినంక ఏం చేస్తం? మన వయసుల మొదలుపెడితే పడనే పడవు." పింకీ నవ్వింది. నవ్వినప్పుడు బుగ్గలు కదిలాయి, కళ్ళు మెరిశాయి, నుదురు మాత్రం ఉన్నట్టే ఉంది. ఏడాదిగా రోజూ చూస్తున్న ముఖమే. శిరీష ఇప్పుడే గమనించింది.

కొండాపూర్‌లో ఆ క్లినిక్. డాక్టర్ జయలక్ష్మిది రాజమండ్రి, యాభై దాటిన మనిషి. శిరీషను కనుబొమ్మలు ఎత్తమంది, దించమంది, ముడవమంది. కిటికీ వెలుతురులో ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ వయసులో వచ్చేవాళ్ళలో చాలామందికి అసలు గీతలుండవండి. ముందుజాగ్రత్త అని వస్తారు. మీకున్నాయి. కనుబొమ్మలు దించినా కొంచెం మిగులుతున్నాయి. కొన్నేళ్ళు పోతే ఇంకా లోతుగా పడతాయి."

"ఇంజెక్షన్ ఇస్తే?"

"కండరం కొన్నాళ్ళు కదలదు. కదలకపోతే చర్మం మడతపడదు. మూడు నాలుగు నెలలకు మళ్ళీ కదలిక వచ్చేస్తుంది, మళ్ళీ చేయించుకోవాలి."

"ఎన్నేండ్లు మేడం?"

"కావాలనుకున్నన్నాళ్ళూ. మానేస్తే మునుపటిలా అయిపోతుంది, అంతే."

"నా కనుబొమ్మలు లేస్తాయా?"

ఎందుకలా అడుగుతోందని డాక్టర్ అడిగితే శిరీష తన పని చెప్పింది. చేతులతో 'మీరు తిన్నారు' చేసి చూపించింది, తర్వాత 'మీరు తిన్నారా' చేసి చూపించింది. డాక్టర్ రెండోసారి చేయమంది. చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇలాంటి పని చేసేవాళ్ళకి నేనెప్పుడూ ఇవ్వలేదండి. తక్కువ మోతాదు ఇస్తే కొంత లేస్తాయి. ఎంత లేస్తాయన్నది ముందే చెప్పలేను, ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. తొందరేం లేదు. బాగా ఆలోచించుకుని రండి."

వద్దంటే బాగుండేదని శిరీషకు అనిపించింది. తప్పకుండా చేయించుకోవాలన్నా బాగుండేది. బస్సులో నిలబడి ఆల్విన్ క్రాస్‌రోడ్స్ దాకా ఆడవాళ్ళ నుదుళ్ళే చూస్తూ వచ్చింది. కూరగాయల సంచీతో ఒకావిడ, ఫోన్‌లో ఎవరినో బతిమాలుతున్న ఒక నర్సు, నిద్రపోతున్న కాలేజీ పిల్ల. అందరి నుదుళ్ళూ వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నాయి. తనదొక్కటే ఇలా అందరినీ అడిగి బతకాల్సి వచ్చిందేమిటా అనుకుంది.

ఆదివారం పొద్దున ఒక పని చేసింది. నుదుటి మీద అడ్డంగా మూడు వరసలు ప్లాస్టర్ బిగించి అంటించుకుని, పైన ముంగురులు కప్పుకుంది. ఎత్తుదామన్నా కనుబొమ్మలు లేవకుండా అయ్యాయి. సరోజమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. ముందు వంగి కూర్చుని శిరీష అడిగింది: 'పెరుగు అయిపోయిందా?'

సరోజమ్మ చేతులు తుడుచుకుని లేచింది. ఫ్రిజ్ తలుపు తెరిచి పెరుగు గిన్నె తీసి చూపించింది. 'ఉంది కదా, అయిపోయిందంటావేం?'

శిరీష ఇంకోటి అడిగింది: 'నిన్న మాత్ర వేసుకున్నావా?' తాను బీపీ మాత్ర వేసుకున్న సంగతి కూతురెందుకు చెబుతోందో తెలియక సరోజమ్మ అవునన్నట్టు తలూపింది. తర్వాత ఆమె కళ్ళు ముంగురుల కింది ప్లాస్టర్ మీద పడ్డాయి. దెబ్బ తగిలిందేమోనని కంగారుగా దగ్గరికొచ్చి, ఒక్కొక్క వరసా మెల్లగా ఊడదీసింది. కింద దెబ్బ లేదు.

శిరీష అంతా చెప్పింది. రాకేష్ అన్నది, పింకీ అన్నది, డాక్టర్ అన్నది. సరోజమ్మ కదలకుండా చూసింది. అయ్యాక సైగ చేసింది.

'చేయించుకో.'

'ఇప్పుడు నీకే అర్థం కాలేదు కదమ్మా!'

'నాకు అలవాటవుతుందిలే. నీ పని పోకూడదు.'

అప్పుడు ఆమె శిరీషకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. పెళ్ళికి ముందు తాడిపత్రిలో ఒక బట్టలు కుట్టే షాపులో పని చేసిందట. గుండీలు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. కానీ షాపుకు వచ్చినవాళ్ళు ఏమైనా అడిగితే ఈమె ముఖమంతా కదిలిస్తూ జవాబు చెప్పేది. పిల్లలు జడుసుకుంటున్నారని, ముఖం అలా పెట్టొద్దని యజమాని భార్య అద్దం తెచ్చి చూపించిందట. నెల తిరక్కుండానే ఇక పనికి రావద్దన్నారు. 'అప్పుడు సూది ఉండి ఉంటే నేనూ వేయించుకునేదాన్ని' అంది సరోజమ్మ. అది తమాషాకి అన్నదో నిజంగా అన్నదో శిరీషకు తెలియలేదు. అమ్మ ముఖంలో ప్రతిదీ చదవగలిగిన మనిషికి ఆ ఒక్కటీ అందలేదు.

వద్దని అమ్మ పట్టుబడితే, ఆ మాట పట్టుకుని రాకేష్ దగ్గరికి వెళ్ళేది. ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదు. పది రోజులు అటూ ఇటూ కొట్టుకుని, ఒక శుక్రవారం పొద్దున క్లినిక్‌కు వెళ్ళింది. తక్కువ మోతాదే ఇవ్వమంది. చీమ కుట్టినట్టు కొన్ని పోట్లు. పావుగంటలో అయిపోయింది.

వారం గడిచేసరికి నుదురు నెమ్మదించింది. కనుబొమ్మలు లేవమంటే కొంచెం లేచేవి, ఎవరో పైన చెయ్యి పెట్టి ఆపినట్టు ఆగిపోయేవి. ఐదో వీడియో తీశారు. క్లయింట్ నుంచి చప్పట్ల బొమ్మలతో మెసేజ్ వచ్చింది. రాకేష్ స్వయంగా ఆమె టేబుల్ దగ్గరికొచ్చి, "సూపర్ శిరీష, రెన్యువల్ అయిపోయినట్టే" అన్నాడు. పింకీ కౌగిలించుకుంది. ఇక మనసు తేలిగ్గా ఉంటుందనుకుంది శిరీష. అద్దంలో బాగానే ఉంది కూడా. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, రెండు మూడు ఫొటోలు తీసుకుంది.

ఇంట్లో మాత్రం ప్రతి ప్రశ్న చివరా గాలిలో వేలితో ప్రశ్నార్థకం గీయాల్సి వచ్చేది. మొదట్లో సరోజమ్మ నవ్వింది. తర్వాత కూతురు ఏం చెప్పినా 'అడుగుతున్నావా?' అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అదీ మానేసి తక్కువ మాట్లాడింది. టీవీ చూసేది, బాల్కనీలో నిలబడి డిపోలోకి పోయే బస్సులు చూసేది. కోపమేం లేదు. మాట్లాడాలంటే ఇప్పుడు పని పెట్టుకోవాలి, అంతే.

నార్సింగి దాటాక ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన ఆ క్లయింట్ గోదాం ఒకటుంది. అక్కడ వినపడనివాళ్ళు పన్నెండు మంది పనిచేస్తారు. సెప్టెంబరులో వాళ్ళకు యంత్రాల దగ్గరే నేరుగా శిక్షణ పెట్టారు. ట్రైనర్ నోటితో చెబుతాడు, శిరీష సైగలు చేస్తుంది. పెట్టెల్ని మోసుకుపోయే బెల్టు ఒకటుంది. పెట్టె ఇరుక్కుంటే ముందు స్విచ్ ఆపాలి, ఆపామో లేదో చూసుకోవాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి. ఆ రోజు అందరికంటే ముందు నేర్చుకున్నవాడు తిమ్మప్ప. ఆదోని వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. టీ విరామంలో వాళ్ళు బడి బట్టల్లో ఉన్న ఫొటో శిరీషకు చూపించాడు కూడా.

తిమ్మప్ప వంతు వచ్చింది. పెట్టె ఇరికించారు. బెల్టు ఆగింది గానీ, స్విచ్ ఇంకా వేసే ఉంది. ట్రైనర్, "స్విచ్ ఆపారా?" అన్నాడు. శిరీష సైగ చేసింది. పొద్దుటి నుంచి నాలుగు గంటలుగా చేస్తోంది. గాలిలో ప్రశ్నార్థకం గీయడం మరిచిపోయింది.

స్విచ్ ఎవరో ఆపేశారని చెబుతోందనుకున్నాడు తిమ్మప్ప. తలూపి చెయ్యి లోపల పెట్టాడు. పెట్టె కదలగానే బెల్టు తిరిగింది. ట్రైనర్ చొక్కా పట్టుకుని వెనక్కి గుంజాడు కాబట్టి సరిపోయింది. వాచీ పట్టీ తెగి లోపలికి పోయింది, మణికట్టు మీద చర్మం లేచింది. తిమ్మప్ప నేల మీద కూర్చుండిపోయి, చెయ్యి కళ్ళ ముందు పెట్టుకుని వేళ్ళు ఒకటొకటే ముడిచి చూసుకున్నాడు. 

సాయంత్రానికి రిపోర్ట్ తయారైంది. 'కార్మికుడి అజాగ్రత్త' అని రాశారు. తిమ్మప్పకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. మర్నాడు శిరీష రాకేష్ గదిలోకి వెళ్ళింది.

"ఆయన తప్పు కాదు సార్. నేను అడిగినట్టు చెయ్యలేదు. నా కనుబొమ్మలు లేవలేదు. ఇంజెక్షన్ వల్ల."

రాకేష్ తలుపు మూశాడు. "ఏంది నువ్వు అనేది? రిపోర్ట్‌ల గిది రాయాల్నా? కనుబొమ్మలు లేవలేదని?"

"అవును సార్."

"గీతలు లేకుండ చూడమన్నది వాళ్ళే. ఇగ వాళ్ళకే పోయి గీతలు లేకుంటే గిట్ల అయిందని చెప్పాల్నా? కాంట్రాక్టు పోతది. నీదొక్కదానిదే కాదు, ఎనిమిది మంది పని అది." అతని గొంతులో కోపం లేదు, భయమే ఉంది. "ఆయనకేం కాలేదు గదా. ఇడిసిపెట్టు శిరీష."

విడిచిపెట్టలేదు. గోదాం శిక్షణ విభాగానికి తనే మెయిల్ రాసింది, జరిగింది జరిగినట్టు. మూడో రోజు జవాబు వచ్చింది: మీ అభిప్రాయం పంపినందుకు ధన్యవాదాలు, సంబంధిత విభాగానికి తెలియజేస్తాము. అంతే. హెచ్చరిక కాగితం తిమ్మప్ప ఫైల్లో అలాగే ఉంది.

సెలవు పెట్టి నార్సింగి వెళ్ళి, గేటు బయట తిమ్మప్పను కలిసింది. క్షమించమంది. అతను కట్టు ఉన్న చేతిని జాగ్రత్తగా కదిలిస్తూ జవాబిచ్చాడు. 'నీ కనుబొమ్మలే చూశాను. లేవలేదు. అందుకే పెట్టాను.' తర్వాత ఆమె ముఖం చూసి, ఆమెకే ధైర్యం చెప్పాడు. 'ఇప్పుడు తెలిసింది కదా. ఇకమీదట ప్రతిసారీ నేనే స్విచ్ చూసుకుంటాను. నువ్వు ఫికర్ చేయకు.'

అమ్మలాగే అతనూ అలవాటు చేసుకుంటానంటున్నాడు. ఒక్క మాట తిట్టి ఉంటే శిరీష కాస్త ఊపిరి పీల్చుకునేదేమో. తిట్టలేదు. షిఫ్టు గంట మోగినట్టుంది, తోటివాళ్ళు లోపలికి పోతుంటే చూసి అతనూ వెళ్ళిపోయాడు.

మందు ప్రభావం దీపావళి దాటాక తగ్గింది. మొదట ఎడమ కనుబొమ్మ లేచింది, వారానికి కుడిది. క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది, మళ్ళీ సమయమైందని. చేయించుకోకూడదని ఆమె ఒట్టేమీ పెట్టుకోలేదు. ఒకసారి ఫోన్ తీసి తేదీ కూడా చూసుకుంది. ఆ రోజు వెళ్ళలేదు. మరో రోజూ వెళ్ళలేదు. గీతలు మెల్లగా వాటి చోటికి అవి వచ్చేశాయి. ఇంట్లో సరోజమ్మ మాత్రం వెంటనే మారలేదు. కూతురి కనుబొమ్మలు లేస్తున్నా నమ్మక, కొన్నాళ్ళు 'అడుగుతున్నావా?' అనే అడిగేది.

జనవరిలో రాకేష్ మళ్ళీ పిలిచాడు. ఈసారి పెన్నుతో ఆడలేదు.

"వీడియోలకు వేరే అమ్మాయిని తీసుకుంటున్నం. నిన్ను తీసేస్తలేను. నేరుగ చెప్పే ట్రైనింగ్‌లు అన్నీ నీవే. కొత్త పిల్లకు నువ్వే నేర్పాలె. నా చేతిల ఉన్నదింతే శిరీష."

కొత్త పిల్ల ప్రవళిక. ఇరవై ఒక్క ఏళ్ళు, సంగారెడ్డి నుంచి వచ్చింది. వాళ్ళ అన్నకు వినపడదు, కాబట్టి చేతులు చక్కగా తిరుగుతాయి. నుదురు నున్నగా, తెల్లకాగితంలా ఉంటుంది. శిరీషను అక్కా అక్కా అంటూ వెంట తిరుగుతుంది. కోపం తెచ్చుకుందామన్నా వీలుకాని పిల్ల.

మొదటి వీడియో తీసే రోజు, లైట్లు సర్దుతుండగా ప్రవళిక పక్కకొచ్చి నిలబడింది.

"అక్కా, ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు."

"అడుగు."

"పింకక్క చెప్పింది, ఇంజెక్షన్లు గీతలు పడకముందే మొదలుపెట్టాల్నంట. నాకిప్పుడు లేవు కదా. ఇప్పుడే చేయించుకోనా? నువ్వు చేయించుకున్నవంట కదా, చెప్పక్కా. నువ్వేమంటే అదే చేస్త."

శిరీష నోరు తెరిచింది. వద్దు అందామనుకుంది. వద్దంటే, ఆరేళ్ళు పోయాక ఈ పిల్లను ఎవరో గదిలోకి పిలుస్తారు, పెన్ను మూత తీసి పెడతారు. చేయించుకో అందామంటే, నేల మీద కూర్చుని వేళ్ళు ముడిచి చూసుకుంటున్న తిమ్మప్ప కళ్ళ ముందుకొచ్చాడు.

"నాకు తెలీదు ప్రవళికా," అంది. "నిజంగా తెలీదు."

 కెమెరా దగ్గర నుంచి పిలుపొచ్చింది. ప్రవళిక వెళ్ళి లైట్ల మధ్య నిలబడి, మొదటి వాక్యం చేసింది. హెల్మెట్ పెట్టుకున్నారా, అన్న ప్రశ్న. చేతులు సరిగ్గానే ఉన్నాయి. ముఖంలో కదలిక చాలలేదు. పెట్టుకున్నారు అని చెప్పినట్టుంది.

అందరూ శిరీష వైపు చూశారు, బాగుందా అని. నేర్పాల్సింది తనే.

"కనుబొమ్మలు ఇంకా పైకి," అంది శిరీష.

ప్రవళిక ఎత్తింది.

"ఇంకా," అంది. "ఇంకొంచెం ఎత్తాలమ్మా."